సాలమ్మ ముక్కు కొలత

శనివారం పొద్దున సాలమ్మ పెట్టుకున్న పని చిన్నది. వానలు దగ్గరపడ్డాయి. నాచారంలోని తన ఇడ్లీ కొట్టు రేకులను కొంచెం ముందుకు జరిపితే తినేవాళ్లు తడవరు. కొట్టు మొత్తం మురుగు పారే మోరి మీద పరిచిన బండల పైనే ఉంది. రేకులు ఇంకాస్త జరిగితే దారిలోకి వస్తాయి. వస్తే ఏం? ఆ వీధిలో ముందుకు రానిది ఎవరిది?

భర్త సాంబయ్య స్టూలెక్కి సుత్తె అందుకున్నాడు. అతను పనిచేసిన కంపెనీకి తాళం పడి చాలా కాలమైంది. ఇప్పుడు ఇద్దరికీ తిండి పెట్టేది ఆ కొట్టొక్కటే.

"దిగు," అంది సాలమ్మ.

"ఇప్పుడే గద ఎక్కిన."

"దిగుమంటే దిగు. ఎదురుంగ సూడు. గట్ల గుడ్లప్పగించి కాదు, మెల్లగ."

ఎదురుగా, మూసి ఉన్న షట్టరు మెట్టు మీద ఒక మనిషి కూర్చున్నాడు. ముప్పై దాటి ఉంటాయి. ఒళ్లో అట్ట, అట్ట మీద కాగితం. ఒక కన్ను మూసి, చెయ్యి బారుగా చాపి, పెన్సిల్ నిలబెట్టి కొట్టు వైపు చూశాడు. బొటనవేలిని పెన్సిల్ మీద కిందికి జరిపాడు. కాగితం మీద గీత గీశాడు. మళ్లీ పెన్సిల్‌ను అడ్డంగా పట్టాడు.

"కొలుస్తుండు," అన్నాడు సాంబయ్య, సుత్తెను వీపు వెనక దాచుకుంటూ.

ఉప్పల్ రోడ్డు మీద మెట్రో స్తంభాలకు తవ్వకాలు మొదలైన ఏడాది అది. ఎక్కడ ఎవరు టేపు పట్టినా, ఏ గోడ మీద ఎర్ర గీత కనబడినా చుట్టుపక్కల జనానికి అన్నం దిగేది కాదు.

నిజానికి ఆ మనిషి టేపు పట్టేవాడు కాదు. పేరు రంజిత్. ఉప్పల్‌లో పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే చిన్న ఆఫీసులో పని. పాత కథల్లోని మనుషులు ఇవాళ నాచారంలో కాపురముంటే ఎట్లా ఉంటారో ఒక పెద్ద బొమ్మ వెయ్యమన్నారు. రాజుగారి ఏడుగురు కొడుకులు షేర్ ఆటోలో, రాకుమారి స్కూటీ మీద, చిలుకలో ప్రాణం దాచుకున్న రాక్షసుడు బాల్కనీలో, దారిన పోయేవాళ్లకు అన్నం పెట్టే పేదరాసి పెద్దమ్మ ఇడ్లీ కొట్టులో. మొహాలు మాత్రం నిజమైనవి కావాలి. పెన్సిల్ చాపి ముక్కెంత, గడ్డమెంత అని చూసుకోవడం బొమ్మలు వేసేవాళ్ల అలవాటు. వేస్తున్నానని మాత్రం అతను ఎవరికీ చెప్పడు. లాలాపేట్‌లో పూలమ్మే ఆమెకు ఒకసారి చెబితే, ఇంటికి పోయి పట్టుచీర కట్టి, పౌడరు రాసుకుని వచ్చి కూర్చుంది.

సాలమ్మ ప్లేటు నిండా ఇడ్లీలు పట్టుకెళ్లింది.

"తిను బిడ్డా, పైసలొద్దు. ఏం రాస్తున్నవ్?"

"ఏం లేదు పెద్దమ్మా. ఊకెనే." అట్ట బోర్లించాడు.

ఆమె తిరిగొచ్చి భర్తతో అంది. "ఊకెనేనంట! ఊకెనే ఎవడన్న ఎండల కూసుంటడా? రెండుసార్లు చట్నీ ఏసిన, అయినా నోరిప్పలే."

"పైసలొద్దన్నవ్ గద, గందుకే ఆనికి నీ మీద అనుమానమొచ్చింది. నువ్వు నాకే ఊకెనే పెట్టవు."

అప్పుడే జనార్ధనరావు గారు ఇడ్లీలకు వచ్చారు. కొట్టు పక్క ఇల్లే ఆయనది. ఇంజనీరుగా రిటైరయ్యి, కాలనీ సంఘానికి అధ్యక్షుడయ్యారు. పూలమొక్కల పేరు చెప్పి ప్రహరీ గోడను మూడడుగులు దారిలోకి కట్టుకున్నారు. అది అందరికీ తెలుసు. ఎవరూ అనరు, ఎందుకంటే ఎవరి మెట్లు వాళ్లకు బయటే ఉన్నాయి.

సంగతి విని ఆయన ప్లేటు కింద పెట్టారు. "పాత పద్ధతి సర్వే అది. మిషన్లు పంపితే జనం పోగవుతారని ఇలాంటి వాళ్లని పంపుతారు. ఉండు, నేను చూసొస్తా."

షట్టరు మీద అంటించిన పోస్టరు చదువుతున్నట్టు నిలబడి, రంజిత్ భుజం మీదుగా తొంగి చూశారు. కాగితంలో తన ఇల్లుంది. గోడ లేదు. గోడ ఉండాల్సిన చోట ఆటో ఉంది. పక్కన సాలమ్మ కొట్టుంది. రేకులు లేవు. ఇంకా ఎవరెవరో మనుషులున్నారు గానీ, ఇంజనీరు కాగితంలో మనుషుల్ని చూడరు.

"ఏ డిపార్టుమెంటు బాబూ?"

"ప్రైవేటు సార్."

"ఓహో. కాంట్రాక్టుకిచ్చారన్నమాట. ఎప్పటికివ్వాలి?"

"సోమవారం సార్. ఇయ్యకుంటే ఊకోరు."

ఆయన వెనక్కి వచ్చేసరికి చొక్కా తడిసింది. మంచినీళ్లు అడిగి తాగారు. "అయిపోయింది సాలమ్మా. కూల్చాక వీధి ఎలా ఉంటుందో గీసేశాడు. అందులో నా గోడ లేదు, నీ రేకులు లేవు. సోమవారమే."

పది నిమిషాల్లో వీధి మొత్తం కొట్టు ముందుకు వచ్చింది. గుంపు అడ్డమొచ్చి కొట్టు కనబడకపోవడంతో రంజిత్ అట్ట సర్దుకుని వెళ్లిపోయాడు. పని ముగించుకుని పోయాడని అందరూ అనుకున్నారు.

జనార్ధనరావు గారు బల్ల ఎక్కారు. ఒక్కరిదే పోతే నామోషీ, అందరిదీ పోతే నియమం అని ఆయనకు తెలుసు. "జేసీబీ వస్తే ఇంత అంత అని చూడదు, ఇల్లే పెకిలిస్తుంది. మనంతట మనమే వెనక్కి తీసుకుంటే మర్యాద. నా ఇంటి ముందున్న మూడడుగుల జాగా నాది కాదు. సర్కారుది. ఇందరి ముందు చెబుతున్నా. ముందు నా గోడే తీస్తా."

జనం చప్పట్లు కొట్టారు. ఎదురింటి త్రిపురసుందరి మాత్రం కొట్టలేదు. మొన్ననే స్కూటీ ఎక్కించడానికి సిమెంటు ర్యాంపు పోయించుకుంది.

సాలమ్మ జనాన్ని తోసుకుని బల్ల దగ్గరికి వచ్చింది. "మీది మూడడుగులు బోతే ఇల్లుంటది సారు. నాది బోతే నాకేముంటది? కొట్టంత మోరి మీదనే ఉన్నది."

"చట్టం ముందు అందరూ సమానమే సాలమ్మా," అన్నారాయన.

మధ్యాహ్నానికి మేస్త్రి వచ్చాడు, గడ్డపారలు వచ్చాయి. గోడ పోయింది. ర్యాంపులు పోయాయి, మెట్లు పోయాయి, ఒకరి తులసికోట కూడా లోపలికి జరిగింది. సాంబయ్య తను బిగించిన మేకులను తనే పీకాడు. సాలమ్మ ఇడ్లీ పాత్రను ఒళ్లో పెట్టుకుని, విప్పిన రేకుల మీద కూర్చుంది. కళ్లు తుడుచుకుని, ఆ తుడుచుకున్న చెయ్యితోనే మేకులు ఏరి డబ్బాలో వేసుకుంది.

ఆదివారం పొద్దున రంజిత్ రంగుల డబ్బాతో వచ్చాడు. వీధి మొదట్లోనే నిలబడిపోయాడు. తప్పు వీధికి వచ్చాననుకుని వెనక్కి పోయి బోర్డు చదివి మళ్లీ వచ్చాడు.

"పెద్దమ్మా, నీ కొట్టు ఏది?"

"నువ్వే గద కొలిచినవు! నా పొట్ట మీద కొట్టి, మల్ల నన్నే అడుగుతున్నవా?" విప్పిన రేకుల పక్కనుంచి సాలమ్మ అట్లకాడ తీసుకుంది.

"నేనా? కొట్టు కొలుస్తనా? నేను కొలిచింది నీ ముక్కు పెద్దమ్మా!"

అట్లకాడ గాలిలో ఆగింది. వీధి పోగయ్యేసరికి అతను కాగితం విప్పి అందరికీ పట్టి చూపించాడు. పొగలు కక్కే ఇడ్లీ పాత్ర వెనక, నలుగురికీ వడ్డిస్తూ పేదరాసి పెద్దమ్మ. ముక్కు, ముక్కెర, కొంగు దోపిన తీరు, అంతా సాలమ్మే. ఆమె చాలాసేపు చూసింది.

"గింత పెద్దగుంటదా నా ముక్కు?" అంది చివరికి.

"గంతే ఉంటది," అన్నాడు సాంబయ్య.

"రేకులెందుకు లేవోయ్?" అన్నారు జనార్ధనరావు గారు.

"పెద్దమ్మ మొఖం మీద నీడ పడుతదని గియ్యలే సార్."

"మరి నా గోడ?"

"ఏడుగురు రాకుమారులు గద సార్. గోడుంటే ఆటో పడుతలేదు."

ఆయన కాగితం లాక్కున్నారు. ఈసారి మనుషుల్ని కూడా చూశారు. బాల్కనీలో కోరమీసాలతో, ఒట్టి బనియన్‌తో, పేపరు చదువుతూ రాక్షసుడు. పక్కన పంజరంలో చిలుక. కళ్లజోడు తాడు కూడా ఆయనదే.

"ఇదెవరు?"

రంజిత్ రంగుల డబ్బా మూత తీశాడు. "ఇంకా రంగులెయ్యలే సార్."

"వెయ్యకపోయినా తెలుస్తుంది నాయనా," అంది త్రిపురసుందరి. ఆమె ర్యాంపు ముక్కలు ఇంకా దారిలోనే ఉన్నాయి.

జనార్ధనరావు గారు మేస్త్రికి ఫోను చేశారు. గోడను మళ్లీ ఉన్నచోటే కట్టాలన్నారు. మాట ముగించి తిరిగి చూసేసరికి, గోడ తీసిన జాగాలో సాంబయ్య గుంజ పాతుతున్నాడు. సాలమ్మ రేకు మోసుకొస్తోంది.

"ఏయ్! ఇక్కడేంటి? నీ మోరి అక్కడుంది కదా!"

"మోరి మీద వాసనొస్తది సారు. ఈడ మంచిగ గచ్చున్నది, మీ చెట్టు నీడున్నది." ఆమె రేకు దింపి నడుము నిమురుకుంది. "గీ మూడడుగులు సర్కారుదని నిన్న మీరే జెప్పిన్రు. సర్కారుదంటే జర నాది గూడ ఉంటది గద?"

"అది... నిన్న వేరు!"

"ఏం వేరు సార్?" అంది త్రిపురసుందరి. "వేరైతే నా ర్యాంపు నాకు పోయించండి. అందరివీ పోయించండి. తర్వాత కట్టుకుందురు మీ గోడ."

వీధి అంతా ఆయన వైపు చూసింది. ఆయన తన ఇంటి వైపు చూశారు. మేస్త్రి సైకిలు మీద వచ్చి, జనాన్ని చూసి, దిగకుండానే తిరిగి వెళ్లాడు. రంజిత్ ఎవరూ తియ్యని ఆ షట్టరు మెట్టు మీద కూర్చుని ఒక కన్ను మూసి పెన్సిల్ చాపాడు. ఈసారి ఎవరూ కదల్లేదు.

ఆ రోజు జనార్ధనరావు గారు సాలమ్మ ఇడ్లీలు తినలేదు. మర్నాడు తిన్నారు.