అద్దం వెనక ఆదర్శ దంపతులు

మన చారిత్రక డిపార్ట్‌మెంట్ స్టోర్ భవనం ఆధునిక అవసరాలకు అంకితమైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. గొడుగులు అమ్మిన చోట పళ్ల డాక్టరు, చెప్పులు అమ్మిన చోట వ్యాయామశాల వెలిశాయి. వీధివైపు నిలువెత్తు అద్దం వెనక బొమ్మలకు బట్టలు తొడిగి నిలబెట్టే గదిని మాత్రం లెక్కల మాస్టారు ఇల్లుగా కొనుక్కున్నారు. చవగ్గా వచ్చింది. ఎందుకు చవకో సామాన్లు దిగాక తెలిసింది: చారిత్రక అద్దానికి తెర కట్టరాదని భవన పరిరక్షణ సంఘం నిబంధన. పడక వెనక గదిలో ఉంది గనుక సభ్యతకు లోటు లేదని సంఘాధ్యక్షులు సెలవిచ్చారు.

వీధంతా తమను చూస్తుంటే మాస్టారిలో మార్పు వచ్చింది. పుట్టి బుద్ధెరిగి తిన్న కంచం తీయని మనిషి భార్య కంచం కూడా తీయసాగారు. ఆవిడ చిరునవ్వు చెదరకుండా పళ్ల బిగువున తిట్టడం నేర్చుకుంది. చూసినవాళ్లు ముచ్చటపడ్డారు. అత్తగార్లు కొత్త అల్లుళ్లను తీసుకొచ్చి అద్దం ముందు నిలబెట్టారు. ఒకాయన సోఫా ధర అడిగి వెళ్లాడు.

చివరికి సంఘం ఆ గదిలోనే దంపతులకు సన్మానం తలపెట్టింది. వీధికి వినిపించేలా మైకు పెట్టించారు.

"ఈ అద్దం ఆనాడు మనకు వస్తువులు చూపింది. ఈనాడు విలువలు చూపుతోంది" అన్నారు అధ్యక్షులు.

చప్పట్ల మధ్య మాస్టారు నవ్వుతూనే భార్య చెవిలో ఒక మాట వేశారు. రేపు తన అక్కయ్య వస్తోంది, ఇక ఇక్కడే ఉంటుంది.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. మైకు ముందే ఉంది.

"ఇల్లు కొన్నప్పుడు నన్నడగలేదు. మీ అక్కయ్యని రమ్మన్నప్పుడూ అడగలేదు. నవ్వీ నవ్వీ నా దవడలు పోయాయి. ఇక నావల్ల కాదు."

"అందరూ చూస్తున్నారే" అన్నారు మాస్టారు.

"చూడనీండి. చూడనిది మీరొక్కరే."

అని నేలమీద కూలబడి ఏడ్చింది. అత్తగార్లు అల్లుళ్ల చేతులు పట్టి లాక్కుపోయారు. ఇలాంటివి చూడకూడదట. అధ్యక్షులు దండ తీసుకుని వెనక గుమ్మం గుండా నిష్క్రమించారు.

మాస్టారు వెళ్లి ఆవిడ పక్కన నేలమీద కూర్చున్నారు. "ఏం చేద్దామంటావు?" అన్నారు. పెళ్లయ్యాక ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. ఆవిడ ముక్కు తుడుచుకుని, రానివ్వండి, నెలరోజులు చూద్దాం అంది. ఈ ఘట్టాన్ని వీక్షించడానికి వీధిలో ఒక్కరూ లేరు.

ప్రజా సభ్యత దృష్ట్యా ఆ అద్దానికి మందపాటి తెర తప్పనిసరి అని సంఘం మర్నాడే తీర్మానించింది. ఆ సాయంత్రం వీధిలోని వారందరూ ఎవరిళ్లకు వారు పోయి, కిటికీ తెరలు సరిచూసుకుని, నిశ్చింతగా పోట్లాడుకున్నారు.