మార్లో హైట్స్ వారి నేల వందనం

మీ పక్క ఊళ్లో ఎవరైనా కాసినో కడతామంటే దయచేసి వాళ్లని నెత్తిన పెట్టుకోండి. నిద్రపోతున్న ఊరిని లేపి కూర్చోబెట్టడానికి ఇంతకు మించిన మందు లేదు. ఇది పుస్తకాల్లో చదివి చెబుతున్న మాట కాదు, మా మార్లో హైట్స్ అనుభవం.

కాసినో కబురు రాకముందు మా కొండ మీద బతుకు ఎలా ఉండేది? ఎవరి గేటు వాళ్లది, ఎవరి కుక్క వాళ్లది. మా పక్కింటి హాల్ ప్రెస్కాట్‌తో నేను మాట్లాడి ఏళ్లయింది. ఆయన ఆదివారం తెల్లారకుండానే ఆకులు ఊదే మిషన్ మోగిస్తాడు, నేను సిటీ ఆఫీసుకు ఫిర్యాదు పంపుతాను. మా ఇరుగుపొరుగు సంబంధం అంతవరకే!

అలాంటిది, కొండ దిగువన ఉన్న పక్క ఊరు టానర్ ఫ్లాట్స్‌లో, మూతబడ్డ టమాటా ఫ్యాక్టరీ స్థలంలో ఇక్కడి ఆదివాసులు, వెలోమి తెగవాళ్లు, కాసినో కడతారట అని పేపర్లో వచ్చిన రోజు హాల్ మా మెట్లెక్కి వచ్చి నన్ను గట్టిగా కావలించుకున్నాడు.

"విన్నావా వాల్టర్? జూదమట! మన గుమ్మం ముందే!"

"విన్నాను హాల్. మన పిల్లల గతేం కాను?"

మా ఇద్దరికీ పిల్లల్లేరు. అయినా ఇద్దరి కళ్లూ చెమర్చాయి. ఇలాంటి ఆప్యాయత మామూలు రోజుల్లో పుడుతుందా?

వారం తిరక్కుండా కాసినో వ్యతిరేక సమితి వెలిసింది. ఈ ఊరి పత్రికలో ఇన్నేళ్లుగా కాలమ్ రాస్తున్నవాణ్ని కాబట్టి నన్నే అధ్యక్షుణ్ని చేశారు. ఇంటింటి పచ్చిక మీదా బోర్డులు మొలిచాయి. పైన పెద్ద అక్షరాలతో "ఆదివాసులను గౌరవిస్తాం", కింద ఇంకా పెద్ద అక్షరాలతో "కాసినో వద్దు".

మీ ఊళ్లోనే పేకాట క్లబ్బు ఉంది కదా అని టానర్ ఫ్లాట్స్ వాళ్లు దెప్పుతారు. ఉంటే? మా క్లబ్బులో గోడల నిండా ఊరి పెద్దల ఫొటోలుంటాయి, లోపల గట్టిగా ఎవరూ మాట్లాడరు. అక్కడ ఓడిపోయినవాడు మౌనంగా ఓడిపోతాడు. దాని మీద వచ్చే పన్నుతోనే మా లైబ్రరీ నడుస్తోంది. దాన్ని జూదం అనేవాడికి సంస్కారం లేదని అర్థం! ఇక చర్చిలో శుక్రవారం డబ్బులు పెట్టి ఆడే బింగో అంటారా, అది దైవకార్యం.

మాకున్న బెంగ అంతా ప్రకృతి గురించి. కాసినో దీపాల వెలుతురుకు మా కొండ మీది గుడ్లగూబలకు రాత్రిళ్లు నిద్ర పట్టదు. గుడ్లగూబలు రాత్రిళ్లు నిద్రపోవు కదండీ అని సభలో ఒకావిడ లేచింది. ఆవిడకు ధన్యవాదాలు చెప్పి మైకు కట్టేశాం.

ఇదంతా చూసి మేం ఆదివాసులకు వ్యతిరేకం అనుకునేరు! రామరామ, వాళ్లని మేం ప్రేమించినట్టు ఇంకెవరు ప్రేమించారు? మా హైస్కూలు ఫుట్‌బాల్ జట్టు పేరు "వెలోమి వీరులు". వాళ్ల ముత్తవ్వలు అల్లిన బుట్ట మా మ్యూజియంలో గాజుపెట్టెలో ఉంది, దాని మీద దుమ్ము పడకుండా ఒక మనిషిని పెట్టాం. మా గోల్ఫ్ మైదానంలో ఒక్కో గుంటకు వాళ్ల భాషలో ఒక్కో పక్షి పేరు పెట్టాం. వాటిని పలకడం మాకెవరికీ రాదు, అది వేరే సంగతి.

అన్నిటికీ మించి మాకు నేల వందనం ఉంది. మా సిటీ కౌన్సిల్ నెలనెలా సమావేశమయ్యేటప్పుడు, ఏ పనీ మొదలుపెట్టకముందు, "ఈ నేల అనాదిగా వెలోమి ప్రజలది, మేం వారికి రుణపడి ఉన్నాం" అని లేచి నిలబడి చదవాలి. చుట్టుపక్కల ఊళ్లన్నీ ఇలాంటివి చదువుతున్నాయి, కానీ మాదంత బాగా ఎవరికీ కుదరలేదు. ఎందుకంటే మాది రాసింది నేను.

రాసేటప్పుడు ఒక చిన్న చర్చ జరిగింది. మొదట నేను "ఈ కొండ" అని మాత్రమే రాశాను. మా మేయర్ బ్రెండా ఓస్టర్‌గార్డ్ అది చదివి పెదవి విరిచింది.

"కొండ ఒక్కటే అంటే మనమొక్కళ్లమే లాక్కున్నట్టు లేదూ? టానర్ ఫ్లాట్స్‌ని కూడా కలపండి వాల్టర్. పాపం వాళ్లకీ కాస్త అంటనివ్వండి."

నిజమే అనిపించింది. "ఈ కొండ మొదలుకొని, కింద టానర్ ఫ్లాట్స్ మీదుగా, నది మలుపు దాకా" అని దిద్దాను. చెవికి కూడా ఇంకా ఇంపుగా వచ్చింది.

వందనం చదివాక దానికి జవాబు చెప్పడానికి మా ఊళ్లోనే అద్దె గదిలో ఉంటున్న వెలోమి ముసలావిడ బెర్నడీన్ ఆర్నోల్డ్‌ని పిలుస్తాం. ముందు వరసలో ఆవిడకి మెత్తటి కుర్చీ. మేం చదవగానే ఆవిడ లేచి "మా నేలకు స్వాగతం" అంటుంది. మేం చప్పట్లు కొడతాం. ఆవిడ కూర్చుంటుంది. ఆరేళ్లుగా ఎంత చక్కగా సాగిపోతోందో!

కాసినో గొడవ మొదలయ్యాక ఒకరోజు ఆవిడ కిరాణా కొట్టు ముందు ఎదురైంది. మీరూ ఈ జూదాన్ని సమర్థిస్తున్నారా అని నిలదీశాను.

"నాకు పేకముక్క పట్టుకోడం కూడా రాదయ్యా వాల్టర్. వెనకటికి మాకున్న నాలుగు చెక్కల నేలా గవర్నమెంటు తీసేసుకుంది కదా, అప్పట్నుంచి తలో దిక్కూ అయిపోయాం. మా చెల్లెలు ఎక్కడో రీనోలో ఉంటుంది. పండక్కీ పబ్బానికీ ఫోన్లో కలుసుకుంటాం. ఆ కాసినో వస్తే దాని వెనకాల మావాళ్లందరికీ ఇళ్లు కడతారట. మా చెల్లి పక్కింట్లో ఉండి, రోజూ పొద్దున్నే దానితో ముఖాముఖీ పోట్లాడాలని ఉంది నాకు. అంతే."

చూశారా స్వార్థం? గుడ్లగూబల ఊసే ఎత్తలేదు!

కాసినోని ఆపే మార్గం మా సిటీ లాయరు చెప్పాడు. కొత్త స్థలంలో కాసినో కట్టాలంటే ఆ నేలతో ఆ తెగకు పూర్వ సంబంధం ఉందని కేంద్రం వాళ్లు నమ్మాలట. లేదని మనం గట్టిగా చెబితే చాలట. "టానర్ ఫ్లాట్స్ నేలతో వెలోమి తెగకు ఏనాడూ ఏ సంబంధమూ లేదు" అని తీర్మానం రాశాను. కౌన్సిల్‌లో అయిదుగురూ చేతులెత్తారు. ఆ రోజు కూడా సభ మొదట్లో నేల వందనం నేనే చదివాను. రెండూ నా రచనలే. రెండిటికీ చప్పట్లు బాగా పడ్డాయి.

ఆ చప్పట్లలో బెర్నడీన్ మొహం ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

కేంద్రం వాళ్ల విచారణ టానర్ ఫ్లాట్స్ స్కూలు జిమ్‌లో పెట్టారు. అవతలివైపు నుంచి చరిత్ర ప్రొఫెసర్లు, పాత మ్యాపులు వస్తాయని మేం లాయర్లతో సిద్ధంగా కూర్చున్నాం. వెలోమి తెగ అధ్యక్షుడు క్లిఫ్ ఒక్కడే లేచాడు. అతను బెర్నడీన్ మేనల్లుడు.

"మా తాతలు పెద్దగా కాయితాలు దాచుకోలేదండీ. మా దగ్గర ఉన్నది ఇదొక్కటే," అని తెర మీద ఏదో వేశాడు.

తెర మీద మా మేయర్, మేమే తీయించుకున్న కౌన్సిల్ సభ వీడియోలో! "టానర్ ఫ్లాట్స్ మీదుగా, నది మలుపు దాకా, ఈ నేల అనాదిగా..." తర్వాత ఇంకో నెల మేయర్. తర్వాత క్రిస్మస్ స్వెటర్ వేసుకున్న మేయర్. తర్వాత నేను, గుండె మీద చెయ్యి వేసుకుని. నా ఉచ్చారణ ఎంత స్పష్టంగా ఉందంటే, జిమ్‌లో చివరి బెంచీ దాకా ఒక్క అక్షరం పోలేదు.

"ఇలాంటివి ఆరేళ్లవి ఉన్నాయి. అన్నీ వేస్తే తెల్లారిపోద్ది," అన్నాడు క్లిఫ్. టానర్ ఫ్లాట్స్ జనం పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు.

విచారణ అధికారి మా మేయర్ వైపు తిరిగాడు. "అమ్మా, మీరు నెలనెలా చదివేది నిజమేనా?"

"నిజమేనండీ," అంది బ్రెండా. "కానీ... నిజంగా అని కాదు. మర్యాదకి."

ఇక మిగిలిన దారి ఒక్కటే అన్నాడు లాయరు. నేల వందనం పొరపాటున రాసుకున్నదని కౌన్సిల్ తీర్మానించి, ఆ కాయితాన్ని కేంద్రానికి పంపాలి. వెంటనే అత్యవసర సమావేశం పెట్టాం. హాలు కిటకిటలాడిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది మాకు ఆ నిబంధన! నేల వందనం చదవకుండా సభలో ఏ పనీ మొదలుపెట్టకూడదు. వందనాన్ని రద్దు చెయ్యాలన్నా ముందు వందనం చదవాల్సిందే. ఆ నిబంధన పెట్టించింది కూడా నేనే లెండి.

ఎవరు చదవాలి? మేయర్‌కి హఠాత్తుగా గొంతు పోయింది. కౌన్సిల్ సభ్యులకి కళ్లజోళ్లు కనబడలేదు. చివరికి నేనే లేచాను. టానర్ ఫ్లాట్స్ దగ్గరికి వచ్చేసరికి నాకు దగ్గు తెర వచ్చింది.

ముందు వరసలోంచి బెర్నడీన్ గొంతు వినిపించింది. "అక్కడ ఒక మాట మింగేశావు వాల్టర్. మళ్లీ చదువు."

మళ్లీ చదివాను. ఆవిడ అలవాటు ప్రకారం లేచి, "మా నేలకు స్వాగతం" అంది. అలవాటు ప్రకారం మేం చప్పట్లు కొట్టాం. చేతులు వాటంతట అవే కొట్టేశాయి! కానీ ఆవిడ కూర్చోలేదు.

"ఆరేళ్లుగా మీకు స్వాగతం చెబుతూనే ఉన్నాను," అంది. "ఒక్కసారైనా, ఒక్కరైనా, మీరూ రండి అంటారేమోనని చూశాను."

అప్పుడు వెనక వరసలోంచి ఎవరో "రండమ్మా" అన్నారు. తిరిగి చూస్తే మా హాల్ ప్రెస్కాట్! నా ప్రాణస్నేహితుడు, మా సమితి కోశాధికారి! "రండి. ఇందులో అడగడానికేముంది," అని ఇంకోసారి కూడా అన్నాడు.

గొంతు మళ్లీ వచ్చిన మేయర్ తొందరతొందరగా తీర్మానం చదివింది: "ఆరేళ్లుగా ఈ సభ పలికిన వందనం అసత్యమని ప్రకటిస్తున్నాం." ఆ తర్వాత అడిగింది, "బలపరిచేవారు?"

మా పద్ధతిలో ఇంకొక సభ్యుడు బలపరిస్తే తప్ప తీర్మానం ఓటింగ్‌కి రాదు. ఒకాయన బూటు లేసు కట్టుకుంటున్నాడు. ఒకావిడ నీళ్లు తాగుతోంది, గ్లాసు ఖాళీ అయ్యాక కూడా తాగుతోంది. కెమెరా తిరుగుతోంది. ఎన్నికలు ముంచుకొస్తున్నాయి. ఆరేళ్లుగా అబద్ధం చెప్పాం అని తన నోటితో ఒప్పుకునే మొనగాడు ఒక్కడూ లేకపోయాడు. తీర్మానం అక్కడికక్కడే రాలిపోయింది.

"అయితే నిజమేగా," అని బెర్నడీన్ కూర్చుంది.

కిందటి నెల కేంద్రం వాళ్లు ఒప్పేసుకున్నారు. వాళ్లు చూపించిన ఆధారాల్లో మొట్టమొదటిది నా రచనే. ఇంతకాలం రాస్తున్నాను, నా రాతను వాషింగ్టన్‌లో ఎవరైనా చదవడం ఇదే మొదటిసారి. గర్వపడాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. హాల్‌తో మళ్లీ మాటల్లేవు. ఆదివారం ఆయన మిషన్ మోగింది, సోమవారం నా ఫిర్యాదు వెళ్లింది.

పాఠకులారా, నా బాధ మీకైనా అర్థమవుతుందా? జూదం గురించి కాదు. గుడ్లగూబల గురించి అసలే కాదు, వాటిని నేనెప్పుడూ చూడలేదు. మేం వాళ్లకి ఏం తక్కువ చేశాం? బుట్టకి గాజుపెట్టె ఇచ్చాం, పేరుకి జెర్సీ ఇచ్చాం, ముసలావిడకి మెత్తటి కుర్చీ ఇచ్చాం. అనాదిగా మీదే అని నెలనెలా ఒప్పుకున్నాం. ఇన్నిటికీ మేం కోరింది ఒక్కటే, వాళ్లు తిరిగి రాకుండా ఉండటం! ఆ ఒక్కటీ చెయ్యలేకపోయారు.

నిన్న తలుపు చప్పుడైతే తీశాను. బెర్నడీన్. పక్కన అచ్చం ఆవిడలాగే ఉన్న ఇంకొకావిడ, రీనో నుంచి వచ్చిందట. దారిలో ఏ రోడ్డు దగ్గర మలుపు తిరగాలన్న దాని మీద ఇద్దరూ అప్పటికే పోట్లాడుకుంటున్నారు.

"శనివారం ఇళ్లకి పునాది వేస్తున్నాం. నువ్వు రావాలి," అంది బెర్నడీన్. "వచ్చి ఆ కాయితం చదువు. గొంతు బాగుంటుంది నీది."

ఆవిడ మెట్లు దిగుతూ వెనక్కి తిరిగింది.

"చదివాక మేం స్వాగతం చెబుతాం. ఈసారి భోజనం కూడా ఉంటుంది. టానర్ ఫ్లాట్స్ దగ్గర మాత్రం దగ్గకేం."