పేరు సరిగ్గానే ఉంది

ఆ రోజు టైపిస్టు పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం నుంచి సెలవడిగి కళ్లజోడు మార్పించుకోవాలి. పొద్దున్నే సెలవు చీటీ పట్టుకుని ఆఫీసరు గదిలోకి వెళ్లింది. చేరి వారమైనా కాని ఆ పెద్దమనిషి, చీటీలో చివరనున్న పేరు మాత్రం చదివి లేచి నిలబడ్డాడు.

"ఇవాళ వెళ్లిపోతున్నారు కదమ్మా?"

"అవునండీ. మీరు సరేనంటే మధ్యాహ్నమే వెళ్తాను."

"అంత తొందరేమిటి? సాయంత్రం దాకా ఉండండి."

సెలవు దొరకలేదని ఆమె ముఖం వేలాడేసుకుని సీట్లో కూలబడింది. అసలు సంగతేమిటంటే, ఆ ఆఫీసులో అదే పేరుతో ఇంకొకామె ఉంది. ముప్ఫై ఏళ్లుగా కింద సామాన్ల గదిలో కాగితం కట్టలూ ఫైలు అట్టలూ అందించే స్టోరామె. ఆ రోజు రిటైరవుతున్నది ఆవిడ. కిందికి దిగే పని ఎవరికీ పడదు కాబట్టి ఆ పేరు వింటే అందరికీ గుర్తొచ్చేది టైపిస్టే. ఆమెకూ జుట్టు నెరిసింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

పదకొండింటి నుంచి ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ఒకరు ఆమె ఓపికను మెచ్చుకున్నారు. ఒకరు ఆమె టైపు చేస్తే తప్పు వెతకక్కర్లేదన్నారు. ఏనాడూ పలకరించని గుమాస్తా కుర్చీ దులిపి మరీ వేశాడు. అయోమయంగా ఉన్నా ఆమెకు వినడానికి హాయిగానే ఉంది. ఆఖరున అకౌంటెంటు వచ్చాడు. ఎనిమిదేళ్ల కిందట ఒక ఫైలు పోతే నింద ఆమె మీద పడింది. కిటికీ పక్కనుంచి లేపి ఈ మూలకు నెట్టారు.

"ఆ ఫైలు పోగొట్టింది నేనండీ," అన్నాడు నెమ్మదిగా. "మీరు రిటైరై వెళ్లిపోయేలోగా చెప్పాలనిపించింది."

అప్పుడు వెలిగిందామెకు. చెప్పేద్దామని నోరు తెరిచింది. కానీ ఎనిమిదేళ్లుగా ఎదురుచూసిన మాట అది. కాసేపాగి చెబుదాంలే అనుకుంది. ఆ కాసేపు సాయంత్రం దాకా సాగింది.

వీడ్కోలు సభలో గోడ గడియారం చేతికిచ్చారు. దాని మీద చెక్కిన పేరులో అక్షరం పొల్లుపోలేదు. ఇప్పుడైనా నిజం చెబుదామని నిలబడితే ఏడుపొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

గడియారం చంకన పెట్టుకుని మెట్లన్నీ పరుగున దిగింది. సామాన్ల గదికి తాళం వేసి ఉంది. స్టోరామె ఇస్త్రీ బట్టలు కట్టుకుని ఐదున్నర దాకా కూర్చుందని వాచ్‌మన్ చెప్పాడు. పైన చప్పట్లు విని ఎవరికని అడిగిందట. మీ పేరే వినబడిందమ్మా అంటే, చిన్నగా నవ్వి తాళంచెవి ఇచ్చి వెళ్లిపోయిందట.

రెండు బస్సులు మారి ఆవిడ ఇల్లు పట్టుకుంది టైపిస్టు. "ఇది నీకే అక్కా. నన్ను తెచ్చిమ్మన్నారు," అని అబద్ధమాడింది.

"ఏమన్నారు నా గురించి?"

పొద్దుటినుంచి తాను విన్న మంచిమాటలన్నీ టైపిస్టు ఒక్కటీ మిగుల్చుకోకుండా అప్పజెప్పింది. స్టోరామె చివరిదాకా విన్నది.

"ఇవన్నీ నీవేనమ్మా. నా ఓపిక చూడ్డానికి కిందికొచ్చిందెవరు?"

గడియారం తీసుకుంది. టీ ఇచ్చింది. మళ్లీ రమ్మని మాత్రం అనలేదు.

మర్నాడు టైపిస్టు ఎప్పటిలాగే మూల సీట్లో కూర్చుంటే ఆఫీసంతా మోసపోయినట్టు చూసింది. అకౌంటెంటు దగ్గరికొచ్చి నిష్ఠూరంగా అన్నాడు:

"మీరు వెళ్లిపోతున్నారనే కదండీ నిజం చెప్పాను."