ఇసుక మేటకు తామ్రపత్రం

దొరలరేవును వంద రోజుల్లో వలస పాలన చరిత్ర నుంచి విముక్తం చేస్తామని కేంద్ర సహాయమంత్రి భీమేశ్వరరావుగారు దేశ రాజధానిలోని అశోకా రోడ్డు గెస్ట్‌హౌస్‌లో పెసరట్టు ఉప్మా ముగించగానే ప్రకటించారు. మంత్రిగారు సముద్రాన్ని జీవితంలో ఒక్కసారే చూశారు, అదీ విమానంలోంచి. అయినా చరిత్ర మీద ఆయనకున్న పట్టు చూసి విలేకరులు రెండో ప్లేటు తెప్పించుకున్నారు.

దొరలరేవులో పుట్టిన మాణిక్యం ముఖర్జీ నగర్ కోచింగ్ సెంటర్లో జాగ్రఫీ చెబుతుంది. నిపుణురాలిగా రమ్మని ఆమెకు కబురొచ్చింది. రేవు నోట్లో ఏనాటిదో ఇసుక మేట ఇంకా పెరిగి పదేళ్లుగా పడవలు బోల్తా పడుతున్నాయి. కిందటేడు తమ్ముడు తాతారావు పడవ తిరగబడితే ఈదుకుంటూ ప్రాణాలతో బయటపడ్డాడు. పూడిక తీయించమని అర్జీ రాసుకుని మరీ వెళ్లింది మాణిక్యం.

"లైట్‌హౌస్ ఎవరు కట్టారమ్మా?" అనడిగారు మంత్రిగారు.

"డచ్చివాళ్లండి."

"కూల్చెయ్యండి. కస్టమ్స్ ఆఫీసు?"

"ఇంగ్లీషువాళ్లు."

"అదీ అంతే. కాలవ?"

"ఫ్రెంచివాళ్లు తవ్వించారండి."

"పూడ్చెయ్యండి. మరి మనదంటూ అక్కడేమీ లేదా?"

మాణిక్యం అదను చూసి అర్జీ తీసింది. "ఇసుక మేట ఉందండి. దాని మూలంగానే దొరల ఓడలు రావడం మానేశాయి. ఇప్పుడు మా పడవలు..."

మంత్రిగారు లేచి నిలబడ్డారు. కళ్లు చెమర్చాయి.

"అచ్ఛా! ఒక్క తుపాకీ పేల్చకుండా సామ్రాజ్యాన్ని వెళ్లగొట్టిందన్నమాట!"

వారం తిరక్కుండా ఇసుక మేట స్వాతంత్ర్య సమరయోధుల జాబితాకెక్కింది. తామ్రపత్రం అందుకోవడానికి దానికి చేతులు లేవు గనక మంత్రిగారి బావమరిది బసవపున్నయ్య అందుకున్నాడు. మాణిక్యానికి మాత్రం జవాబొచ్చింది: సమరయోధుడి దేహాన్ని తవ్వమనడం దేశద్రోహం, ఈసారికి క్షమించడమైనది. కోచింగ్ సెంటర్ యజమాని ఆమె క్లాసులు సగానికి తగ్గించాడు.

అంతటి వీరుడు ఓ మూల పడి ఉండడం మంత్రిగారికి నిద్ర పట్టనివ్వలేదు. దేశమంతా ఊరేగించాలన్నారు. పూలదండలు వేసిన రెండొందల లారీలు దొరలరేవుకు బయల్దేరాయి. గ్రేటర్ నోయిడాలో బసవపున్నయ్య కట్టిస్తున్న పదహారు టవర్ల దగ్గర యాత్ర ముగుస్తుందని ప్రెస్ నోట్ వచ్చింది.

ఎవరింటికి పోతేనేం, మేట అంటూ పోతుంది కదా అని మాణిక్యం తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఏరా, రేవు నోరు తెరుచుకుందా?"

"ఎక్కడే అక్కా! నీళ్లల్లోకి లారీలెలాగెళ్తాయి? మనిళ్ల ముందు ఇసక దిబ్బుంది కదా, దాన్ని ఎత్తుకుపోయారు. సముద్రం అరుగెక్కేసింది. అమ్మని మంచం మీద కూచోబెట్టాం."

మాణిక్యం మెట్రో పట్టుకుని గెస్ట్‌హౌస్‌కు పరిగెత్తింది. మంత్రిగారు మైకు ముందే ఉన్నారు. ఆమెను చూడగానే ఆప్యాయంగా పక్కన నిలబెట్టుకున్నారు.

"దొరలరేవు ఆడపడుచు! మూడొందల ఏళ్లలో ఏ దొరా చేయలేని పని మన ప్రభుత్వం చేసింది. సముద్రాన్ని పేదవాడి ముంగిట్లోకి తెచ్చింది!"

మాణిక్యం నోరు తెరిచేలోపు శాలువా కప్పారు.