పన్ను పడిన చోటు

ఆ రోజు ఉదయం చంద్రమోహన్ మనసులో ఉన్నది ఒక్కటే ఆలోచన. ఆసియా పన్ను ఊడేలోపల క్లైమాక్స్ తీసేయాలి.

ఆసియాకు ఎనిమిదేళ్ళు. అతని సినిమాకు ఆ పిల్లే హీరో. నల్లమాడ పక్కన మూతబడిన శెనక్కాయల మిల్లులోకి ఒక పాప వస్తుంది. అక్కడున్న దయ్యాన్ని నానా తిప్పలు పెడుతుంది. చివర్లో మాత్రం ఒకే ఒక్కసారి నిజంగా భయపడి కేక పెడుతుంది. అంతే కథ. ఇప్పటిదాకా తీసిన సినిమా అంతటా ఆ పిల్ల నోట్లో ముందరి పన్ను నిక్షేపంగా ఉంది. నిన్నటి నుంచి అది ఊగడం మొదలుపెట్టింది. ఆసియా దాన్ని నాలుకతో ముందుకు తోస్తుంది, వెనక్కి లాగుతుంది. అది కదిలినప్పుడల్లా చంద్రమోహన్ గుండె కదులుతుంది.

అతను ధర్మవరంలో చాలా ఏళ్ళుగా పెళ్ళి వీడియోలు తీస్తున్నాడు. పట్టుచీర మీద జరీ మెరుపును కెమెరాలో పట్టడంలో మంచి పేరుంది. పీటల మీద కూర్చున్న పెళ్ళికొడుకులను అంతమందిని చూశాక భయాన్ని కెమెరాలో పట్టడం తనకు కొత్తేమీ కాదనుకుని ఈ సినిమాకు దిగాడు. దిగాక తెలిసింది. లైట్లు అద్దెకు తెచ్చే స్తోమత లేక దయ్యం సీన్లన్నీ మిట్టమధ్యాహ్నం తీస్తున్నాడు. తర్వాత నీలం రంగు పులిమితే రాత్రయిపోతుందని కెమెరామన్ ఇమ్మానుయేల్ ధైర్యం చెప్పాడు. నీలం రంగు పులిమినా, దయ్యం చెమట తుడుచుకుంటున్నట్టు కనిపిస్తూనే ఉంది.

"భయపడమ్మా ఆసియా," అన్నాడు చంద్రమోహన్, అప్పటికే అలసిపోయిన గొంతుతో.

"దేనికి సార్?"

"దయ్యాన్ని చూసి."

"తిప్పేసామి తాతే కదా సార్!"

దయ్యం వేషంలో ఉన్న తిప్పేస్వామి మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఒకప్పుడు వీధి నాటకాల్లో రాక్షస పాత్రలు వేసి పిల్లల్ని జడిపించిన మనిషి. ఇప్పుడు ముఖానికి సున్నంలాంటి తెల్లరంగు, నల్లటి బొంత, ప్లాస్టిక్ కోరలు పెట్టుకుని నిలబడితే ఆసియా అతని బొంతకు అంటిన పల్లేరుకాయలు ఏరుతోంది.

"కొంచెంసేపు ఆపుదామన్నా. బిడ్డ పొద్దున్నుంచి ఏం తినల్యా," అంది ఆసియా తల్లి నూర్జాన్. యూనిట్టుకు దుస్తులు కుట్టేది కూడా ఆమే. "గట్టివి మాత్రం ఏం పెట్టొద్దు."

ఆమె ఆ మాట చంద్రమోహన్‌తో చెప్పింది, ఇమ్మానుయేల్‌తో చెప్పింది. దయ్యంతో చెప్పాలని ఎవరికీ తోచలేదు. తిప్పేస్వామి పిల్ల మీద ప్రేమకొద్దీ జేబులోంచి శెనక్కాయల చిక్కీ తీసి ఇచ్చాడు. ఆసియా కూలిపోయిన ప్రహరీగోడ మీద కూర్చుని కసుక్కున కొరికింది. నోట్లో ఏదో తగిలింది. గోడ అవతలికి 'తూ' అని ఊసేసింది.

పన్ను పోయింది.

చంద్రమోహన్ ఎవరినీ తిట్టలేదు. తిట్టే ఓపిక ఉంటే ఈ సినిమాకు ఇంకో రెండు సీన్లు ఎక్కువ తీసి ఉండేవాడు. "ఎతకండి," అన్నాడు. "దొరికితే మైనం పెట్టి అతికిద్దాం. దూరం షాటుకు సరిపోతాది."

గోడ అవతల కుళ్ళాయప్ప చేను. నలుగురూ మోకాళ్ళ మీద పడి గడ్డలు పక్కకు జరుపుతూ వెతకసాగారు. అందరికన్నా ముందు దయ్యం పాకుతోంది.

అటుగా మేకల్ని తోలుకుని వచ్చిన మారెక్క ఆగి చూసింది. "ఏమప్పా, ఏం ఎతుకుతాండారు?"

"అన్ను," అన్నాడు తిప్పేస్వామి. కోరలు అడ్డం వచ్చి అంతకుమించి మాట పెగల్లేదు. మారెక్క పిల్లవైపు తిరిగింది. ఆసియా మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని, ముఖాన మేకప్పు పౌడరుతో, చేనులో ఒక చోట కాలితో తట్టి చూపించింది.

"ఈడనే పడింది అవ్వా."

మారెక్క మేకల్ని మరిచిపోయింది. ఆ ఊళ్ళో 'పడింది' అంటే బోరులో నీళ్ళు పడడమే. వానతో సహా ఇంకేదీ పడక చాలా కాలమైంది.

"ఈడనా? నీకెట్ల తెలుసు తల్లీ?"

"తెలుస్తాది."

"ఎంత ఉంటాది?"

ఆసియా చూపుడువేలి కొస చూపింది. "ఇంతే. అర ఇంచు."

"అర ఇంచు ధార అయినా చాలు తల్లీ! ఉప్పగా ఉంటాదా, తియ్యగా ఉంటాదా?"

ఆసియా నోట్లో రుచి గుర్తు చేసుకుని నిజాయితీగా చెప్పింది. "మొదట తియ్యగా ఉండె. తర్వాత ఉప్పగా. ఇప్పుడు మళ్ళా తియ్యగా ఉండాది."

మారెక్క కొంగు దోపుకుని చేనుకు అడ్డంపడి నడిచింది. మేకలు సినిమా వాళ్ళ దగ్గరే ఉండిపోయి నూర్జాన్ ఆరేసిన దయ్యం రెండో జత బట్టలు నమలడం మొదలుపెట్టాయి.

చేనుకు అవతలి మూల కుళ్ళాయప్ప పసుపు, కుంకుమ, కర్పూరం పెట్టుకుని బోరు బండి కోసం చూస్తున్నాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీటి జాడ చెప్పే ఒకాయన వచ్చి ఆ మూల చూపించి పోయాడు. చీనీ బత్తాయి చెట్లు పైనుంచి ఎండుతూ వస్తున్నాయి. ఈ బోరు పడకపోతే వాటిని కొట్టి కట్టెలకు వేయడమే. అలాంటి మనిషి చెవిలో, మిల్లు దగ్గర ఎవరో దేవతలాంటి బిడ్డ నీళ్ళు ఎంత పడతాయో, రుచి ఎట్లుంటుందో కూడా చెబుతోందన్న మాట పడింది.

కొంచెంసేపటికి గోడ దగ్గర ఊరు ఊరంతా చేరింది. షూటింగు చూడ్డానికి వచ్చారనుకుని చంద్రమోహన్ ముందు కాస్త సంతోషపడ్డాడు. కుళ్ళాయప్ప చెప్పులు విడిచి ఆసియాకు దండం పెట్టాక అతనికి అనుమానం వచ్చింది.

"తల్లీ, ఇంగోసారి చూపీ. యాడ పడింది?"

ఆసియా అదే చోటు చూపించింది. పిల్ల మాట మార్చలేదని జనం గుసగుసలాడారు. అంతలో బోరు బండి రోడ్డు దిగి చేనులోకి వచ్చింది. కుళ్ళాయప్ప దాన్ని ఇటువైపు రమ్మని తువ్వాలు ఊపాడు.

"అన్నా, ఈడ కాదు! ఈడుండేది మా పన్ను!" అన్నాడు చంద్రమోహన్.

"మీ పని మీరు చేసుకోండప్పా. మేమేమన్నా వద్దంటిమా?"

"పని కాదన్నా. మేము ఎతుకుతాండేది మాకు దొరికేదాకా ఆగు. ఈ చోటు తవ్వొద్దు."

కుళ్ళాయప్ప ముఖం మారింది. జనం వైపు తిరిగాడు. "ఇంటిరా? నీళ్ళు వాళ్ళకే కావల్లంట!"

అక్కడినుంచి చంద్రమోహన్ ఏం మాట్లాడినా నీళ్ళ మీద ఆశతో మాట్లాడినట్టే అయింది. అతను చివరి ప్రయత్నంగా తిప్పేస్వామిని పక్కకు పిలిచాడు. "అన్నా, ఒక్కసారి నీ నాటకాల కేక ఒకటి పెట్టి మీదపడు. జనం చెదిరిపోవల్ల."

తిప్పేస్వామి గోడ ఎక్కి, బొంత రెక్కల్లా చాచి, కడుపులోంచి గర్జించి దూకాడు. ఒక తల్లి చంకలోని పసిబిడ్డ కిలకిలా నవ్వింది. మారెక్క దగ్గరికి వచ్చి అతని ముఖంలోకి తేరిపార చూసింది.

"తిప్పేసామివి కదూ నువ్వు? మీ కోడలికి కాన్పయ్యిందా?"

దయ్యం కోరలు తీసి చేత్తో పట్టుకుంది. "అయ్యిందక్కా. మొగపిల్లోడు. బాగుండారు."

బోరు బండి మొదలైంది. ఆ చప్పుడులో చంద్రమోహన్ గొంతు అతనికే వినపడలేదు. నేలలోంచి బూడిదలాంటి రాతిపొడి ఎగజిమ్మి గోడను, మేకలను, మనుషులను ఒకే రంగు చేసింది. ఎవరూ కదల్లేదు. ఒక రాడ్డు దిగింది, ఇంకోటి తగిలించారు. అదీ దిగింది. పొడి తడవలేదు. ఇంకోటి తగిలించారు.

చంద్రమోహన్ అలసటగా గోడకు ఆనుకుని జనం ముఖాలు చూశాడు. చూసి నిటారుగా నిలబడ్డాడు. కనురెప్పల మీద కూడా తెల్లటి పొడి పేరుకున్న ఆ ముఖాల్లో, రాడ్డు లోతుకు పోయేకొద్దీ, అతను ఇన్నాళ్ళూ దయ్యంతో, కోరలతో, నీలం రంగుతో ఎక్కడా రప్పించలేకపోయినది కనిపిస్తోంది. కుళ్ళాయప్ప రెండు చేతులూ తలమీద పెట్టుకుని ఉన్నాడు. అతని పెదాలు కదులుతున్నాయి. ఇమ్మానుయేల్ ఎప్పుడు కెమెరా ఎత్తాడో, ఎవరూ చెప్పకుండానే తీస్తున్నాడు.

అతన్ని ఆపమనాలని చంద్రమోహన్‌కు అనిపించింది. ఆపమనలేకపోయాడు. రెండూ అతనికి సిగ్గుగానే ఉన్నాయి.

ఆసియా వచ్చి అతని చొక్కా పట్టుకుంది. "సార్, ఆయప్ప ఎందుకట్లయినాడు?"

"నీళ్ళు రాలేదమ్మా."

"నేను చూపిచ్చినాననా ఈడ తవ్వుతాండేది?"

చంద్రమోహన్ ఆ పిల్ల తలమీది పొడి దులిపాడు. పిల్లకు అర్థమైంది. నూర్జాన్ అందుకునేలోపలే జనంలోంచి దూరి బోరు బండి ముందుకు పరిగెత్తి, రెండు పిడికిళ్ళూ బిగించి, ఊరు దాటి వినపడేలా కేక పెట్టింది.

"నీళ్ళు కాదూ! నా పన్ను!"

ఇంకో రాడ్డు తగిలించడానికి బండివాళ్ళు అప్పుడే ఆపి ఉండడం వల్ల ఆ మాట అందరికీ విడివిడిగా వినపడింది. కుళ్ళాయప్ప తలమీది చేతులు దించాడు.

"పన్నా?"

ఆసియా గుడ్డ తీసి నోరు తెరిచింది. కుళ్ళాయప్ప వంగి ఆ సందులోకి చూశాడు. వెనకనుంచి ఒకరి తర్వాత ఒకరు వచ్చి చూశారు. పెద్దబోరు చూసినంత శ్రద్ధగా చూశారు.

"మరి తియ్యగుండాదంటివే?" అంది మారెక్క.

"చిక్కీ అవ్వా."

"ఉప్పగా?"

"రక్తం."

చంద్రమోహన్ ముందుకు వచ్చి నిలబడ్డాడు. కొడితే ముందు తననే కొట్టాలని. "తప్పు నాదన్నా. గట్టిగా చెప్పల్సింది. చెప్పలేకపోయినా."

కుళ్ళాయప్ప అతన్ని చూడలేదు. రాతిపొడిలో చతికిలబడి, భుజాలు కదిలిస్తూ ఉన్నాడు. ఏడుస్తున్నాడనుకుని నూర్జాన్ నీళ్ళ సీసా పట్టుకుని పోయింది. దగ్గరికి పోతే అతను నవ్వుతున్నాడు. మారెక్క అందుకుంది. ఆమె నవ్వు చూసి బోరు బండివాళ్ళు, వాళ్ళను చూసి జనం. పైనుంచి కిందిదాకా తెల్లగా ఉన్న ఊరు, ఎండిన చేనులో పొట్టలు పట్టుకుని నవ్వింది. ఆసియా ఒక్కతే ఏడుస్తోంది. దయ్యం ఆ పిల్లను ఎత్తుకుని వీపు నిమిరింది.

బండి పోయేలోపల ముందు అనుకున్న మూలన కూడా ఒక బోరు వేసి చూడమని అందరూ అన్నారు. వేశారు. అక్కడా పొడే వచ్చింది.

"పాప పన్ను చూపిచ్చింది, ఆయప్ప కొబ్బరికాయ చూపిచ్చినాడు," అన్నాడు కుళ్ళాయప్ప తువ్వాలు దులుపుకుంటూ. "నీళ్ళు మాత్రం ఎవురూ చూపియ్యల్యా. ఏడవొద్దని చెప్పండి ఆ బిడ్డకు." చెప్పులు వెతికి తొడుక్కుని చీనీ తోటవైపు నడిచాడు. అతను వెళ్ళినంతసేపూ చంద్రమోహన్ అటే చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు అతను కుళ్ళాయప్ప ఇంటికి పోయి, ఇమ్మానుయేల్ తీసింది చూపించి, వద్దంటే తీసేస్తానన్నాడు. కుళ్ళాయప్ప రెండుసార్లు చూసి, తన ముఖం ఉండనిమ్మన్నాడు. తమ బోరుకు ఇంతమంది వచ్చారని బెంగుళూరులో పనిచేసే తమ్ముడికి తెలియాలన్నాడు.

సినిమా కదిరిలో ఒక ఉదయం ఆటకు పడింది. దయ్యం కనిపించినప్పుడల్లా జనం సెల్‌ఫోన్లు చూసుకున్నారు. ఒకాయన గురకపెట్టాడు. చంద్రమోహన్ వెనక వరసలో, పెళ్ళి వీడియోలకు తిరిగి ఎవరికి ఫోన్ చేయాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాడు. అప్పుడు తెరమీద బోరు బండి వచ్చింది. ఫోన్లు ఆరిపోయాయి. రాడ్డు దిగేకొద్దీ హాలులో ఊపిరి చప్పుడు కూడా లేదు. ముందు వరసలో ఒక పెద్దాయన కుర్చీ చేయి పట్టుకుని, "వద్దురా, ఇంక ఆపండ్రా," అన్నాడు. ఆసియా కేక పెట్టగానే హాలంతా ఉలిక్కిపడి, వెంటనే నవ్వులతో ఊగిపోయింది.

ఆట వదిలాక బయట టీ కొట్టు దగ్గర జనం గుంపుగా చేరి వాదించుకోవడం చూసి, చంద్రమోహన్ ఆశగా వాళ్ళ వెనక నిలబడి విన్నాడు. బోరు ఏ మూల వేసి ఉంటే నీళ్ళు పడేవన్న దానిమీద రెండు జట్లుగా చీలిపోయారు. చివరికి ఒకాయన ఇతని భుజం తట్టి, "నువ్వేమంటావప్పా?" అని అడిగాడు.

ఆ సినిమాలో దయ్యం ఒకటి ఉందన్న సంగతి ఎవరికీ గుర్తులేదు.