ఈ మొక్క పేరేమిటి సార్?

జ్ఞానం కావాలనుకునేవాడు ముందుగా ఇంట్లోవాళ్ల మాట వినడం మానెయ్యాలి. ఇంట్లోవాళ్లకి ఏం తెలుస్తుంది చెప్పండి? తెలిసినవాళ్లయితే మన ఇంట్లో ఎందుకుంటారు? తెలిసినవాళ్లంతా ఫోన్లో ఉంటారు.

నమ్మకపోతే నా సంగతే వినండి.

నేను లిఫ్టులకి లైసెన్సులిచ్చే ఆఫీసులో పనిచేస్తాను. మా ఆఫీసు నాలుగో అంతస్తు, మెట్లెక్కి రావాలి. ఇది కాక వారానికోసారి ఈ కాలమ్ రాస్తాను. ఈ రెండు పనులతో లోకానికి జరుగుతున్న మేలు చాలదనిపించి, కిందటేడు ప్రకృతిని కూడా ఆదుకోవాలని నిశ్చయించుకున్నాను.

నిజానికి డాక్టరు రోజూ నడవమన్నాడు. పనీపాటా లేకుండా నడుస్తుంటే చూసేవాళ్లకి బాగుండదు కదా. అప్పుడే మా ఆఫీసు టైపిస్టు ఒక యాప్ చూపించింది. దారిలో కనపడ్డ మొక్కనో పిట్టనో పురుగునో ఫొటో తీసి అందులో పెడితే, ఎక్కడెక్కడివాళ్లో చూసి దాని పేరు చెబుతారు. ఇద్దరు ముగ్గురు ఒకే పేరు చెబితే ఆకుపచ్చ టిక్కు పడుతుంది. దాంతో ఆ ఫొటో శాస్త్రానికి పనికొచ్చే సమాచారం అయిపోతుంది. తీసినవాడు శాస్త్రానికి పనికొచ్చే మనిషి అయిపోతాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నేనెవరికైనా పనికొస్తానని ఎవరన్నా అన్నారా?

మొదటి నెల్లోనే మూడు అద్భుతాలు కనిపెట్టాను. సందు చివర సంధ్యవేళ తిరుగుతున్న నక్క. కరెంటు స్తంభం మీద అరుదైన డేగ. మా ఆఫీసు మెట్ల గోడ మీద ఎర్రటి వింత నాచు.

మూడింటికీ ఒకే మనిషి జవాబిచ్చాడు. యాప్‌లో ఆయన పెట్టుకున్న పేరు 'పాత భూతద్దం'. నక్క కింద, "కుక్క. మెడలో పట్టీ కూడా ఉంది" అని రాశాడు. డేగ కింద, "గద్ద. రోజూ తిరిగేదే." నాచు కింద ఒకటే మాట, "పెయింటు."

ఏం క్లుప్తత! ఏం పాండిత్యం! ఆ క్షణం నుంచి నేనాయనకి శిష్యుణ్ని. తెల్లగడ్డం, గోడలనిండా పుస్తకాలు, బల్లమీద మైక్రోస్కోపు, ఇలా ఊహించుకుని లోలోపల దండం పెట్టుకునేవాణ్ని. "ఈ మొక్క పేరేమిటి సార్?" అంటూ రోజుకి పది ఫొటోలు పెట్టేవాణ్ని. ఆయన ఒక్కనాడూ విసుక్కోలేదు. ఆకుని తిరగేసి తియ్యండి, కాడ కూడా కనపడనివ్వండి, మీ వేలు అడ్డం వచ్చింది, ఈసారి మీ వేలు మాత్రమే వచ్చింది, అంటూ ఓపిగ్గా దిద్దేవాడు.

ఇక మా ఇంటి సంగతి. మామగారు పోయాక మా అత్తగారు మాతోనే ఉంటున్నారు. పదకొండేళ్లయింది. ఆవిడ ముప్ఫయ్యొక్క ఏళ్లు ఏదో విత్తనాల పరీక్ష ఆఫీసులో చేశారు. రైతులకి అమ్మే విత్తనాల్లో కలుపుగింజలు కలిశాయేమోనని అద్దంలోంచి చూసి, ఏరి, ఏ గింజ ఏ మొక్కదో రాసిపెట్టడం ఆవిడ పని. అంటే బియ్యంలో రాళ్లేరడం లాంటిదే కదా. అందుకని దాని గురించి నేనెప్పుడూ అడగలేదు.

ఆవిడ మాటలు తక్కువ. అల్లుడితో మరీ తక్కువ. నక్క సంగతి నేను భోజనాల దగ్గర చెప్పినప్పుడు మాత్రం, "పక్కసందు టైలరుగారి కుక్కేమో బాబూ, ఆ వేళకి అటే తిరుగుతుంది" అన్నారు మెల్లగా.

"ఇవన్నీ నిపుణులు తేల్చాలి అత్తయ్యగారూ" అన్నాను నేను.

ఆవిడ మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపి లేచి వెళ్లారు. నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి నిపుణుడు తేల్చనే తేల్చాడు. ఆ ఫొటో తీసుకెళ్లి ఆవిడకే చూపించి, "చూశారా, తెలిసినవాళ్లంటే ఇలా ఉంటారు" అన్నాను. "అవును బాబూ" అన్నారు. మా ఆవిడకి ఎందుకో పొలమారింది.

ఇప్పుడు అసలు విషయం చెబుతాను. నవ్వకుండా వినండి, ఇది ప్రాణాలకి సంబంధించింది.

ఒక సెలవురోజు పొద్దున నడకకి వెళ్లి, ఖాళీ స్థలంలో లేతగా, పచ్చగా ఉన్న ఆకు సంచెడు కోసుకొచ్చాను. అడవి తోటకూర. ఎరువు లేదు, మందు లేదు. ఈ పూట వంట నాదేనని ప్రకటించాను. అత్తగారు సంచీలో చెయ్యి పెట్టి ఒక ఆకు తీసి నలిపి వాసన చూశారు.

"ఇది వద్దు బాబూ. ఇది తోటకూర కాదు."

"మీకు అన్నీ భయాలే అత్తయ్యగారూ" అన్నాను.

"ఒక్కసారి వాసన చూడండి."

"తోటకూర వాసనే కదండీ."

ఆవిడ హాల్లోకి వెళ్లి కళ్లజోడు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. నేను ఆకు తరిగి బాండీలో వేసి, అలవాటు కొద్దీ సంచీలో మిగిలిన ఒక ఆకు ఫొటో యాప్‌లో పెట్టాను. అర నిమిషంలో ఫోన్ మోగింది.

"పొయ్యి ఆపండి. అది లేత ఉమ్మెత్త. తింటే ప్రాణం మీదికి వస్తుంది. మొత్తం పారబోసి బాండీ తోమించండి. మీ చేతులు కూడా కడుక్కోండి."

పొయ్యి ఆపి, అంతా పారబోసి, వంటింటి గడప మీద కూలబడ్డాను. బాండీ పొయ్యి మీద ఉందని ఆయనకెలా తెలిసిందో ఆలోచించండి. దాన్నే అనుభవం అంటారు!

తేరుకున్నాక ఆ మెసేజ్ ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. "ప్రపంచంలో ఏ మూలో కూర్చున్న మహానుభావుడు మనందర్నీ కాపాడాడు. ఇంట్లో ఇంతమందిమి ఉన్నాం, ఒక్కరన్నా చెప్పారా?"

"అమ్మ చెప్పింది" అంది మా ఆవిడ.

"చెప్పడం వేరు, ఆధారంతో చెప్పడం వేరు."

అత్తగారు బాండీ తోమడానికి వెళ్లారు. తోమిన బాండీనే మూడుసార్లు తోమారు. వయసు కదా అనుకున్నాను.

కృతజ్ఞత లేని మనిషిని కాను నేను. మా చుట్టుపక్కల ఆ యాప్ వాడేవాళ్లు పన్నెండు మందిమి ఉన్నాం. అందరం కలిసి పార్కులో ఒక ప్రకృతి నడక పెట్టుకుందామనీ, పాత భూతద్దం గారిని ముఖ్య అతిథిగా పిలుద్దామనీ తీర్మానం చేయించాను. ఆయన రెండ్రోజులు పలకలేదు. తర్వాత, "నాకు ఇలాంటివి అలవాటు లేదు" అని రాశారు. నేను వదల్లేదు. మీరు రాకపోతే నడకే రద్దు చేస్తానన్నాను. చివరికి, "సరే, ఎలాగూ వస్తాను" అన్నారు. ఆ 'ఎలాగూ' అనే మాట దగ్గర ఎవరికైనా అనుమానం రావాలి. నాకు రాలేదు.

అంతకు ముందురోజే, నీళ్ల సీసాలు మొయ్యడానికి మనిషి కావలసొచ్చింది. మా ఆవిడ తనకి పనుందంది. పోనీ పెద్దావిడకి కాస్త గాలి తగులుతుందని అత్తగారిని రమ్మన్నాను.

నడక రోజు పొద్దున ఆవిణ్ని వెంటబెట్టుకెళ్లి, ఏడింటికల్లా పూలగుత్తితో పార్కు గేటు దగ్గర నిలబడ్డాను. ఏడుంపావు అయింది. ఏడున్నర అయింది. గడ్డం ఉన్న ప్రతి పెద్దమనిషికీ నమస్కారం పెట్టాను. ఒకాయన కంగారుపడి రోడ్డు దాటి వెళ్లిపోయాడు. మా బృందంలోని పళ్ల డాక్టరు వాచీ చూసుకోవడం మొదలుపెట్టాడు. ఇక లాభం లేదని మెసేజ్ పెట్టాను. "ఎక్కడున్నారు సార్?"

నా వెనకాల ఏదో టింగుమంది.

అత్తగారు సీసాల సంచి కింద పెట్టి, చేతిసంచీలోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, ఒక్క వేలితో నెమ్మదిగా ఏదో నొక్కారు. నా ఫోన్ మోగింది.

"మీ వెనకాలే. నీళ్ల సీసాలతో."

రెండుసార్లు చదివాను. వెనక్కి తిరగడానికి నాకు పట్టినంత సమయం భూమికి కూడా పట్టదు.

"మొహం మీద చెబితే అల్లుణ్ని కాదన్నట్టుంటుందని బాబూ" అన్నారావిడ, నాకు మాత్రమే వినపడేలా.

పూలగుత్తి నా చేతిలోనే బిగుసుకుపోయింది. పళ్ల డాక్టరు దాన్ని ఊడదీసి ఆవిడకిచ్చాడు. ఆయన వృత్తి అలా అక్కరకొచ్చింది. ఆ తర్వాత రెండు గంటలపాటు ఆవిడ ముందు, మేమంతా వెనక, అందరికంటే వెనక నీళ్ల సీసాలతో నేను. ఆవిడ దారి పక్కన మోకాళ్ల మీద కూర్చుని గడ్డిగింజని గోటితో చీల్చి, లోపల ఏముందో పన్నెండు మందికీ చూపించారు. పదకొండేళ్లలో ఆవిడ నోట అన్ని మాటలు నేను వినలేదు. ఆవిడ అంత గట్టిగా నవ్వుతారనీ నాకు తెలియదు.

తిరిగొస్తుంటే అన్నారు, "రిటైరయ్యాక నన్ను ఎవరూ ఏ గింజ పేరూ అడగలేదు బాబూ. మీరే అడిగారు. రోజుకి పది."

నేను అడిగింది ఆవిణ్ని కాదని ఇద్దరికీ తెలుసు. నేను సీసాల సంచి మరో భుజానికి మార్చుకున్నాను.

ఇప్పుడు చెప్పండి, ఈ యాప్ వరం కాదా? ఇది లేకపోతే మూడు గదుల ఇంట్లో నాతోపాటు ఒక పండితురాలు ఉంటున్నారని నాకెలా తెలిసేది? ఊళ్లో గద్దల్నీ గడ్డినీ గుర్తుపట్టడం మొదలుపెట్టాను కాబట్టి సరిపోయింది. లేకపోతే మరో పదకొండేళ్లు పట్టేది.

ఆ సాయంత్రం సిగ్గు చంపుకుని, బాల్కనీ కుండీలో మొలిచిన ఏదో మొక్క ఆకు తుంచుకుని, ఫోన్ లోపల పెట్టేసి, అత్తగారి ముందుకెళ్లి నిలబడ్డాను.

"ఇదేం మొక్క అత్తయ్యగారూ?"

ఆవిడ ఆకు తీసుకున్నారు. తిరగేసి చూశారు. వెలుతురుకి ఎత్తి చూశారు. మళ్లీ నా చేతిలో పెట్టారు.

"యాప్‌లో పెట్టండి బాబూ. ఇలా చెబితే మీకు నమ్మకం కుదరదు."