ఓదెలన్న ఇన్వెస్టర్ల సభ

కంప్యూటర్ చిప్పులు తయారుచేసే కంపెనీల పోటీలో ఎవరు గెలుస్తారో ప్రజాస్వామ్య పద్ధతిలో తేలుస్తామని పార్టీ ఇన్వెస్టర్ల సెల్ కన్వీనర్ ఓదెలన్న పంజాగుట్టలో ప్రకటించాడు. లెక్కలు చూసి షేరు కొనడం పాత పద్ధతట. ఏ కంపెనీ సభకు జనం ఎక్కువ వస్తే దాని షేరు మంచిదట. ఇంత సులువైన సంగతి ప్రపంచానికంతా చిప్పులమ్మే తైవాన్‌లో ఎవరికీ తట్టలేదు.

బరిలో త్రినేత్ర చిప్స్, వజ్ర సిలికాన్. రెండింటికీ ఇంకా ఫ్యాక్టరీ లేదు కాబట్టి పోటీ సమఉజ్జీల మధ్యే.

పొద్దున త్రినేత్ర సభ. అమీర్‌పేట హాస్టళ్ల నుంచి కోచింగ్ పిల్లలు మూడు వందల మంది వచ్చారు. మెడలో 'ఇన్వెస్టర్' కార్డులు. అక్కడి జిరాక్స్ సెంటర్ నాదే గనక ముద్రించింది నేనే.

"ఎన్ని షేర్లున్నయి తమ్మీ?" అని ఒకణ్ణి అడిగాను.

"షేర్లు లేవన్నా, బిర్యానీ టోకెన్ ఉంది."

మధ్యాహ్నం వజ్ర సభ. అదే హాలు, అవే మొహాలు. త్రినేత్రను వీడి మూడు వందల మంది ఇన్వెస్టర్లు వజ్రలో చేరారని సాయంత్రం టీవీలో చెప్పారు. మర్నాడు వజ్ర షేరు ఎగిసింది.

నా పక్క దుకాణంలో సెల్‌ఫోన్లు బాగుచేసే వాజిద్ భాయ్ ఆ వార్త మూడుసార్లు చూశాడు.

"మూడొందల మంది పాగల్ గాళ్లా భాయ్? నేను సుత వజ్రల పెడుత. దుకాణం అమ్ముతున్న."

"మరి రిపేర్లు?"

"చిప్పుల కంపెనీల నేనే భాగస్తుణ్ణి అయినంక రిపేర్లెందుకు? జర ఆలోచించు."

ఆ ఇన్వెస్టర్లలో సగం మంది ఉద్యోగాల కోసం నా దగ్గర రెజ్యూమేలు తీయించుకునేవాళ్లని చెబుదామనుకున్నాను. ప్రజాతీర్పును అవమానించడం ఇష్టంలేక ఊరుకున్నాను.

ఫ్యాక్టరీ స్థలంలో బోర్డు పాతి వజ్ర అక్కడితో ఆగింది. రెండు నెలల్లో ఎనభై రూపాయల షేరు ఆరుకు దిగింది. ఓదెలన్న అదరలేదు, బెదరలేదు. ఇన్వెస్టర్ల ధైర్య సభ పెట్టాడు. మళ్లీ మూడు వందల కార్డులు, మూడు వందల పొట్లాలు.

ఆయన ప్రసంగం మధ్యలో, కార్డు లేకుండా, వాజిద్ భాయ్ లేచి నిలబడ్డాడు.

"ఓదెలన్నా, మీ సభ జూసి దుకాణం అమ్మి వజ్ర షేర్లు కొన్న. ఇప్పుడు ఉంచుకోవాల్నా, అమ్ముకోవాల్నా?"

హాలంతా తినడం ఆపింది. ఓదెలన్న మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, పక్కనున్న కార్యకర్త మొగిలయ్య వైపు వంగాడు.

"ఇన్వెస్టర్ల సభకు ఇన్వెస్టర్‌ను ఎవడు తోలుకొచ్చిండ్రా?"